నాము వాసన

మందు డబ్బా మూతను కదిలించే ముందు లింగం వంగి పిడికెడు దుమ్ము తీసుకున్నాడు. చేయి చాచి వేళ్ల సందుల్లోంచి మెల్లగా వదిలాడు. దుమ్ము వాకిలి మీదుగా పడమటికి సాగి గోడ దగ్గర అణగిపోయింది. మళ్లీ ఒక పిడికెడు వదిలి చూశాడు. అదే దారి. అప్పుడు డబ్బాను రెండు చేతులా ఎత్తి, దాని గాలి తమ మీదికి రాకుండా పడమటి పక్కకు జరిపాడు. తర్వాత చెప్పు విడిచి అరికాలితో నేలను తాకి చూశాడు. మట్టి ఇంకా తడిగా, చల్లగా ఉంది.

"మంచు ఆరలే. ఇంకో గడియ కూసోండ్రి," అన్నాడు.

ఎల్లారెడ్డిలో ఆ వీధి మొత్తం ఖాళీగా ఉంది. పది రోజుల కిందట ఇళ్లలో ఎలుకలు రాలిపడటం మొదలవగానే జనం తలుపులకు తాళాలు వేసి, ఊరి బయట పొలాల్లో జొన్నచొప్పతో గుడిసెలు వేసుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు వీధిలో ఉన్నది మందు కొట్టే నలుగురే. మేస్త్రి లింగం, రబ్బరు గొట్టాన్ని బొరియలో పెట్టే స్వామిదాసు, కాలి పంపు తొక్కే యాకూబు, బొరియల నోళ్లు మూయడానికి బురద మోసే ఈరవ్వ.

లింగానికి యాభై దాటాయి. పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. గోళ్ల చుట్టూ చర్మం మందు పొడికి పగిలి ఎండిన చెరువు మట్టిలా ఉంటుంది. వీపు మీద ఎడమ పక్కన జానెడు పొడవున ఒక పాత మచ్చ. సంతలో ఎదురైతే జనం పేరు పెట్టి పిలవరు. "ఎలుకల మందాయన" అంటారు. అతనూ ఆ పేరుకే తలెత్తి చూస్తాడు.

మందు చూడ్డానికి పొయ్యిలోని బూడిదలాగే ఉంటుంది. కామారెడ్డి స్టేషనులో రైలు దిగి, సర్కారు కొట్టులోకి చేరి, అక్కడి నుంచి ఎద్దుల బండి మీద ఊళ్లకు వస్తుంది. పొడిగా ఉన్నంతసేపు నెమ్మదిగా ఉంటుంది. తడి తగిలిందంటే దానిలోంచి కంటికి కనబడని గ్యాసు లేస్తుంది. బొరియలోకి ఊదితే ఎలుకలూ, వాటి ఒంటి మీది ప్లేగు పురుగులూ అక్కడికక్కడే చస్తాయి. మనిషి పీల్చినా అంతే. మంచు పడ్డ నేల మీద డబ్బా తెరవకూడదని కాగితంలో ఎవరూ రాసి ఇవ్వలేదు. లింగం తనంతట తాను నేర్చుకున్నాడు.

మంచు ఆరేసరికి కామారెడ్డి రోడ్డు మీద దుమ్ము లేచింది. మోటారు వచ్చి వీధి మొదట్లో ఆగింది. దిగినది కొత్త డాక్టరు. పట్నంలో చదివి వచ్చినవాడు, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. చేతిలో ఉర్దూలో అచ్చువేసిన కాగితాల కట్ట ఉంది. మందు కొట్టే పనివాళ్లకు ఆ గ్యాసు వల్ల ఏ జబ్బులు వస్తున్నాయో, ఎంతమందికి వస్తున్నాయో చూసి రాయమని పైవాళ్లు పంపారట.

అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరినే పిలిచాడు. తలనొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కడుపులో వికారం ఉంటుందా అని అడిగాడు.

"ఏం లేదు సాబ్. మంచిగనే ఉన్న," అన్నాడు స్వామిదాసు.

"ఏం లేదు సాబ్," అన్నాడు యాకూబు.

ఈరవ్వ తల అడ్డంగా ఊపింది.

డాక్టరు కలం వరసగా సున్నాలు పెట్టుకుంటూ పోయింది. లింగం వంతు వచ్చింది. అతను నిలబడే ఉన్నాడు.

"సాబ్, గిట్ల అడిగితే ఎవ్వలు చెప్పరు. తలనొస్తదంటే రేపు పనిలకు రావద్దంటరని భయం. నేను చెప్త రాసుకోండ్రి. డబ్బా తెరిచిన దినం పొద్దుమూకేసరికి నాకు తల పగులుతది. నోట్లె ఇనుము నాకినట్టుంటది. స్వామిదాసుకు మెట్లెక్కితే గుండె దడదడ కొట్టుకుంటది. యాకూబు కొత్తగ వచ్చిండు, మూడు దినాలు తిన్నది కక్కిండు. ఈరవ్వ చేతులు చూడుండ్రి."

ఈరవ్వ చేతులు వెనక్కు దాచుకోబోయి, మళ్లీ ముందుకు చాచింది. వేళ్ల మధ్య ఎర్రటి పుళ్లు. డాక్టరు వాటిని దగ్గరగా చూశాడు. రాసిన సున్నాలన్నీ కొట్టేసి కొత్త కాగితం తీశాడు.

ఆ రోజు మందు కొట్టాల్సిన ఇల్లు అనసూయమ్మది. వీధిలో పెద్ద ఇల్లు. లోపల చావడి, దాని వెనక కిటికీ లేని ధాన్యం గది. అనసూయమ్మ పొలంలోని గుడిసె నుంచి తాళంచెవి తీసుకుని వచ్చి, ఎదురింటి అరుగు మీద కూర్చుంది. గుడిసెలో తిండి గింజలు అయిపోయాయి. ఇంట్లో పద్నాలుగు మంది. జొన్నలన్నీ ఈ గదిలోనే ఉన్నాయి.

"జల్ది కానియ్యి లింగం. పిల్లలు నిన్న మాపటి నుంచి గంజి మీదున్నరు," అంది.

పంపు పని రెండు గంటలు పట్టింది. యాకూబు తొక్కుతుంటే స్వామిదాసు గొట్టం పట్టాడు. ఒక బొరియలో ఊదితే గది అవతల ఇంకో మూల నుంచి బూడిద పొగ లేచేది. లేచిన చోటల్లా ఈరవ్వ బురద ముద్ద కొట్టేది. లింగం గడప దగ్గర నిలబడి లోపలివాళ్ల కాళ్లను చూస్తూ ఉన్నాడు. మనిషి తూలేది ముందు కాళ్లలోనే కనబడుతుందని అతని నమ్మకం. మొత్తం పదిహేడు బొరియలు. పని కాగానే అందర్నీ బయటికి పిలిచి, తలుపులు మూసి, రెండు గంటలు ఆగి, మళ్లీ తెరిపించాడు. గ్యాసు పోవాలని ఇంకో గంట బయటే ఆగారు.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. కోటు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఒక పేజీ చదివాడు. లేచి చావడి దాటి ధాన్యం గది గడప దాకా వెళ్లాడు. మిగతావాళ్లు వెనకే వెళ్లారు. డాక్టరు తల లోపలికి వంచి గాలి పీల్చాడు.

"వాసన ఏం లేదు. పుస్తకంలో ఉంది, వాసన పోతే గ్యాసు పోయినట్టే. ఎన్ని ఎలుకలు చచ్చాయో చూద్దాం పదండి."

"ఉన్నది సాబ్," అన్నాడు రెండడుగుల వెనక నిలబడ్డ స్వామిదాసు. "ఘాటుగ ఉన్నది."

"నేను గడపలో నిలబడి ఉన్నాను. నాకు రానిది నీకెక్కడ వచ్చింది?" డాక్టరు నవ్వాడు. పని తప్పించుకోవడానికి చెబుతున్నాడనుకున్నాడు. కుడికాలు ఎత్తి గడప మీద పెట్టాడు.

లింగం డాక్టరు ముంజేతిని పట్టుకున్నాడు.

అధికారి చేతిని కూలివాడు పట్టుకోవడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. తెల్లటి చొక్కా మీద లింగం వేళ్ల బూడిద అంటుకుంది. డాక్టరు ముఖం ఎర్రబడింది.

"చెయ్యి వదులు."

"వదులుత సాబ్. పనిలకెళ్లి తీసేసినా సరే. ముందు ఒక్కటి చూడుండ్రి." లింగం చేతిని వదలకుండానే వెనక్కి తిరిగి, "యాకూబూ, బోను పట్టుకరా," అన్నాడు.

పొద్దున పక్కింట్లో పట్టిన ఎలుక ఒకటి తీగల బోనులో బతికే ఉంది. లింగం అప్పుడు డాక్టరును వదిలి, బోనును గడప అవతల పెట్టి, వెదురుకర్రతో గది మధ్యకు నెట్టాడు. ఎలుక బోను మూలల్లో వాసన చూస్తూ తిరిగింది. రెండు కాళ్ల మీద లేచింది. ఉన్నట్టుండి నోరు తెరిచి ఎగపీల్చింది, పక్కకు ఒరిగింది. కాళ్లు నాలుగైదు సార్లు కొట్టుకున్నాయి. తర్వాత కదల్లేదు. డాక్టరు గడియారం చూడటం మరిచిపోయాడు.

గడప మీది కాలును మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"నాకు నిజంగానే ఏ వాసనా రాలేదు," అన్నాడు.

"నాకు గూడ రాలే సాబ్. ఎన్నడు రాదు," అన్నాడు లింగం. "మీ ముక్కు గూడ నా అసొంటిదే."

అందరూ వీధిలోకి వచ్చారు. డాక్టరు అరుగు మీద కూర్చున్నాడు. ఈరవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తాగి, లింగాన్ని ఎదురుగా కూర్చోమన్నాడు. లింగం కింద కూర్చున్నాడు.

"నీకు వాసన రాకపోతే ఇది నీకెట్లా తెలిసింది?"

లింగానికి పెద్దగా మాట్లాడే అలవాటు లేదు. ఆ రోజు మాట్లాడాడు.

ఆరేళ్ల కిందట కామారెడ్డి గంజ్‌లో ఒక బెల్లం గోదాముకు మందు కొట్టారు. అప్పుడు అతని జోడీ ఎంకయ్య. ఏడేళ్లు ఒకే పంపు మీద పని చేశారు, ఒకే సద్ది మూటలోంచి తిన్నారు. తలుపులు తెరిచాక ఎంకయ్య గడపలో నిలబడి, ఏం వాసన లేదు అన్నాడు. పక్కనే ఉన్న లింగం కూడా, అవును లేదు అన్నాడు. బురద తట్టతో వెనక నిలబడ్డ ఈరవ్వ మాత్రం, "అన్నా, నాము వాసన వస్తున్నది," అంది. ఆమెకేం తెలుసని ఇద్దరూ నవ్వారు. ఎంకయ్య లోపలికి పది అడుగులు వేశాడు. నోరు తెరిచి ఒకసారి ఎగపీల్చి, బెల్లం బుట్టల మధ్య పడ్డాడు. గుండె ఆగి చనిపోయాడని రాశారు.

"నాము అంటే?" అన్నాడు డాక్టరు.

జవాబు ఈరవ్వ చెప్పింది. "వానలు ఎనుకబడ్డ ఏడు మొలక జొన్న వాడిపోయి ఉంటది సాబ్. దాన్ని మేసిన ఎడ్లు గట్లనే నోరు తెరిచి పడిపోతయి. దాన్నే నాము తగిలిందంటం. చచ్చిన ఎద్దు నోటికాడ చేదు వాసనొస్తది. చిన్నప్పుడు పసులను కాసిన, నాకు ఎర్కే. ఈ మందుది గూడ గదే వాసన."

డాక్టరు చేతిలో కలం ఆగిపోయింది. "అవును. రెండూ ఒకే విషం," అన్నాడు మెల్లగా. "నేను పట్నంలో అయిదేళ్లు చదివితే తెలిసింది."

ఎంకయ్యను మట్టిచేసి వచ్చిన తర్వాత లింగానికి చాలా రోజులు తిండి సహించలేదు. ఈరవ్వకు తెలిసింది తమ ఇద్దరికీ ఎందుకు తెలియలేదు? కల్లు తాగినందుకా? బీడీ కాల్చినందుకా? రెండూ నెలపాటు మానేసి చూశాడు. తడి మట్టి మీద చిటికెడు మందు వేసి, గాలి తన వైపు వీచే పక్కకు జరిగి, పది అడుగుల దూరం నుంచి ముక్కు పెట్టాడు. ఏమీ రాలేదు. అదే చోట స్వామిదాసును నిలబెడితే ముఖం తిప్పుకున్నాడు. అప్పటి నుంచి పనిలోకి వచ్చిన ప్రతి మనిషినీ మొదటి రోజు అలా నిలబెట్టాడు. తెలిసినవాణ్ణి గడప దగ్గర, తెలియనివాణ్ణి వెనక ఉంచాడు. వాసన తెలిసినవాళ్లు ఒప్పుకోనిదే ఎవర్నీ గదిలో అడుగు పెట్టనివ్వలేదు.

"ఎంతమందిని చూశావు?"

"నలభై ముగ్గురిని సాబ్. పదకొండు మందికి తెల్వలే." లింగం ఆగి, కొంచెం మొహమాటంగా అన్నాడు. "మీతోని పన్నెండు."

డాక్టరు గట్టిగా నవ్వేశాడు. యాకూబు కూడా నవ్వాడు.

"వాళ్ల పేర్లు ఎక్కడ రాసిపెట్టుకున్నావు?"

"నాకు రాత రాదు సాబ్. మనుషులు గద, యాదికుంటరు."

లింగం ఒక్కో పేరు చెబుతుంటే డాక్టరు రాసుకున్నాడు. ఊరు, వయసు, తెలుస్తుందా తెలియదా, ఎన్ని చలికాలాలు పని చేశాడు, ఏ జబ్బు పడ్డాడు. లింగం ఎక్కడా తడుముకోలేదు. ఒక పేరు దగ్గర స్వామిదాసు, "ఆయనది దోమకొండ గద," అంటే, "కాదు, సదాశివనగర్. పెండ్లాం దోమకొండది," అని సరిదిద్దాడు. పట్నం నుంచి తెచ్చిన అచ్చు కాగితాలు అయిపోతే డాక్టరు వాటి వెనక వైపు రాశాడు. ఎదురరుగు మీద నుంచి అనసూయమ్మ లేచి వచ్చి వింటూ నిలబడింది. ఆమె జొన్నల సంగతి కాసేపు మరిచిపోయింది.

అంతా అయ్యాక డాక్టరు కొత్త కాగితం తీసి హుకుం రాశాడు. రాస్తూ తెలుగులో పైకి చదివాడు. ప్రతి జట్టులో ఈ వాసన తెలిసిన మనుషులు ఇద్దరు ఉండాలి. వాళ్లు సరే అనేదాకా ఎవరూ, అధికారి అయినా సరే, లోపలికి పోకూడదు. మంచు ఆరక ముందు డబ్బా తెరవకూడదు. తల నొస్తుందన్నవాణ్ణి ఆ పూట పంపు దగ్గరికి పంపకూడదు, పనిలోంచి తీసెయ్యకూడదు.

"ఇది మొదట కనిపెట్టింది నువ్వని రాస్తున్నాను. పూర్తి పేరు చెప్పు."

"ఈరవ్వ పేరు రాయుండ్రి సాబ్," అన్నాడు లింగం. "ముందుగాల చెప్పింది ఆమె. ఇనకపోయింది మేము."

ఈరవ్వ బురద చేతులతోనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఉండబట్టలేక దగ్గరికి వచ్చి కాగితంలోకి తొంగి చూసింది.

"గీ గీతలల్ల నేనెక్కడున్న సాబ్?"

డాక్టరు కలం మొనను ఒకచోట పెట్టి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. "ఇంతేనా! సన్నగ మంచిగనే ఉన్న," అంది. ఆ పేరు కిందనే డాక్టరు లింగం పేరు కూడా రాశాడు.

పొద్దు వాలుతుండగా స్వామిదాసు ధాన్యం గది గడపలో నిలబడి మూడుసార్లు పీల్చి, ఈరవ్వను పిలిచాడు. ఆమె పీల్చి తల ఊపింది. "ఇగ పోవచ్చు," అన్నాడు స్వామిదాసు. అప్పుడు కూడా డాక్టరు లింగం ముఖం వైపు చూశాడు. లింగం పక్కకు జరిగి దారి ఇచ్చాడు. లోపల నూట ఆరు ఎలుకలు దొరికాయి. అనసూయమ్మ జొన్నలు ఒక సంచి ఎత్తించుకుని పొలం దారి పట్టింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "లింగన్నా, రేపు మా గుడిసెకాడికి రా, రొట్టె తిని పో," అని పిలిచింది. అతణ్ణి ఆమె అన్నా అని పిలవడం అదే మొదటిసారి.

లింగం భార్య రాజమణి కూడా ఊరి బయట గుడిసెలోనే ఉంది. అతను వాగులో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి వచ్చేసరికి ఆమె రొట్టెలు చేస్తోంది. అతను పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఎప్పటిలా తల పట్టుకోలేదు.

"నేను అబద్ధం ఆడలే," అన్నాడు.

"ఎప్పుడు?"

"నాకు పన్నెండేండ్లున్నప్పుడు."

రాజమణికి ఆ కథ తెలుసు. దోమకొండలో ఒక ఆసామి దగ్గర లింగం పసులు కాసేవాడు. ఒకనాడు వాడిన మొలక జొన్న మేస్తూ ఒక ఎద్దు నోరు తెరిచి పడింది. పాము కరిచిందనుకుని పిల్లవాడు పరుగెత్తాడు కానీ రెండో ఎద్దును ఆ జొన్నలోంచి తోలలేదు. అదీ పడింది. "నోటికాడ నాము వాసన గుప్పుమంటుంటే తెల్వలేదా? అబద్ధాలాడుతున్నవా?" అని ఆసామి బండి పగ్గంతో కొట్టాడు. వీపు మీది మచ్చ ఆనాటిది. వాసన రాలేదని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. కొన్నాళ్లకు అతనికే అనుమానం వచ్చింది, వచ్చిందేమో, తానే పట్టించుకోలేదేమో అని.

"డాక్టరు సాబ్‌కు గూడ రాదు. అంత సదివినాయనకు," అన్నాడు లింగం. "కొందరికి పుట్టుకతోనే రాదేమో అన్నడు. కాగితం మీద రాసిండు."

రాజమణి పిండి చేతిని కడుక్కుని వచ్చి అతని వీపు మీద పెట్టింది. లింగం ఆ రాత్రి నాలుగు రొట్టెలు తిన్నాడు.

హుకుం మిగతా జట్లకూ చేరింది. తర్వాత రెండు చలికాలాలు లింగం జట్టు మహమ్మద్‌నగర్‌లో, సదాశివనగర్‌లో, దోమకొండలో మందు కొట్టింది. దోమకొండలో ఆ పాత ఆసామి కొడుకు తన ఇంటి గడప ముందే చేతులు కట్టుకుని నిలబడి, "లింగన్నా, ఇగ రావచ్చునా?" అని అడగాల్సి వచ్చింది. "జర ఆగు పటేలా," అన్నాడు లింగం. స్వామిదాసు తల ఊపిన తర్వాతే అతణ్ణి లోపలికి పిలిచాడు. ఆ రెండేళ్లలో ఏ జట్టులోనూ ఒక్క మనిషి గ్యాసుకు పడిపోలేదు. కామారెడ్డికి వచ్చిన ప్రతిసారీ డాక్టరు సర్కారు కొట్టు ముందు మోటారు ఆపి, "ఎంతమంది?" అని అడిగేవాడు. "డెబ్బై ఒకటి సాబ్. పంతొమ్మిది మందికి తెల్వది," అని లింగం అప్పజెప్పేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏటి వానాకాలంలో లింగానికి జ్వరం వచ్చింది. గ్యాసుకూ దానికీ సంబంధం లేదు. ఆ వానలకు ఎల్లారెడ్డిలో చాలామందికి వచ్చిన జ్వరమే. మూడో రోజు తెల్లవారుజామున రాజమణిని నీళ్లు అడిగి, తాగి, గోడ వైపు తిరిగి పడుకుని, అలాగే ప్రాణం విడిచాడు. వాగు నిండుగా ఉండటంతో కబురు కామారెడ్డికి వారం ఆలస్యంగా చేరింది.

కార్తీకంలో చలి మొదలయ్యాక కొత్త మేస్త్రిగా స్వామిదాసు కొట్టు తాళం తీశాడు. వాకిట్లో పనిలోకి కొత్తగా వచ్చిన ఆరుగురు వరసగా నిలబడ్డారు. ఈరవ్వ అప్పటికే తడి మట్టి ముద్దను పళ్లెంలో పెట్టుకుని, దుమ్ము వదిలి గాలి చూస్తోంది. స్వామిదాసు పంపు కోసం లోపలికి వెళ్లాడు. తలుపు వెనక మేకుకు లింగం నల్ల గొంగడి నాలుగు మడతలుగా వేలాడుతోంది. దాని అంచు నిండా పోయిన చలికాలం ఏ పొలంలోనో అంటుకున్న గడ్డి ముళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.